ఉసురు పది

నాకు నలభై నాలుగేళ్ళు. నడుము నొప్పి ఉంది, చత్వారం వచ్చింది, హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కూతురుంది. ఇన్ని ఉన్నా రోజూ పొద్దున తిరుత్తణిలో రైలుబండెక్కి కూర్చోగానే ఫోను తీసి బొమ్మ జంతువులను పట్టుకుంటాను. పక్కవాళ్ళు ఓరగా చూస్తారు. చూడనీ. వాళ్ళు మాత్రం ఫోనులో వేదాలు చదువుతున్నారా ఏం?

ఈ పిచ్చి నాకు అంటించింది మా వదిన, మా అన్న భార్య. వాళ్ళు తిరువళ్ళూరులో ఉంటారు. ఆవడిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకోవడం నా పని. వదిన ఆవడిలోనే ఒక బడిలో లెక్కలు చెబుతుంది. తిరుత్తణిలో నేను ముందెక్కి, ఆడవాళ్ళ పెట్టెలో రెండు సీట్లు పట్టి, ఒకదానిమీద బ్యాగు పెట్టి, అరక్కోణంలో ఎక్కేవాళ్ళందరితో జగడమాడి ఆ సీటు కాపాడతాను. తిరువళ్ళూరులో వదిన తీరిగ్గా వచ్చి అందులో కూర్చుంటుంది. అక్కడినుంచి ఆవడి దాకా ఇద్దరం తలలు వంచి ఆడతాం.

ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మనం తిరిగే చోట్లలో జంతువులు కనపడతాయి. పట్టుకోవాలి, కాయలు తినిపించి సాకాలి, ఒకదానితో ఒకటి పోట్లాడించాలి. తెలుగు ఆ ఆటలో లేదు. మేం తమిళంలో పెట్టుకున్నాం. మాది నేతపని చేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా అమ్మ, మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టి, పలక మీద. బడికి పోయే తమిళ పిల్లలంతా ఆడుకుంటుంటే నాకు మాత్రం ఈ శిక్ష ఏమిటని అప్పట్లో ఏడ్చేదాన్ని.

ప్రతి జంతువుకూ మూడు అంకెలుంటాయి. ఎంత గట్టిగా కొట్టగలదో చెప్పేది బలం. ఎంత ఓర్చుకోగలదో చెప్పేదాన్ని తెర మీద తర్కాప్పు అని రాస్తారు, మేం దాన్ని కాపు అనేశాం. మూడోది ప్రాణం ఎంత మిగిలిందో చెప్పేది. తెర మీద ఉయిర్ అని ఉంటుంది. మా నోట్లో అది ఉసురైంది. ఇవి కాక జంతువు నెత్తిమీద ఒక పెద్ద అంకె వెలుగుతూ ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని చూసే మోసపోతారు. అది మూడింటినీ కలిపి ఉడకబెట్టిన కిచిడీ. బలం ఎక్కువుండి కాపు లేనిదీ, కాపు ఎక్కువుండి బలం లేనిదీ, రెండూ ఒకే పెద్ద అంకె చూపిస్తాయి. పోట్లాటలోకి దిగినాక గానీ దేని గుట్టేమిటో తెలియదు.

ఒక దెబ్బకు ఎంత ఉసురు పోతుందో లెక్క కట్టేదెట్లాగో వదిన నాకు ఒకరోజు బండిలో వేరుశనగల పొట్లం కాగితం మీద రాసి చూపించింది. కొట్టేదాని బలాన్ని పడేదాని కాపుతో భాగించాలి. దెబ్బకు ఒక బరువుంటుంది, ఆ బరువులో సగంతో హెచ్చించాలి. నీళ్ళ జంతువు నిప్పు జంతువును కొడితే ఇంకొంచెం ఎక్కువ, ఆకు జంతువును కొడితే కొంచెం తక్కువ. వచ్చినదాంట్లో చుక్క తర్వాత ఉన్నదంతా పారెయ్యాలి. ఆఖర్న ఒకటి కలపాలి.

"ఆ ఒకటి యాలా వదినా?" అన్నాను.

"కొట్టినాక ఏమీ తగల్లేదంటే ఎట్లా? ఎంత బక్కది కొట్టినా ఒకటన్నా తగలాల" అంది. బడిలో పిల్లలకు చెప్పే గొంతుతో చెప్పింది. నాకు ఒళ్ళు మండింది గానీ లెక్క మాత్రం బుర్రలో దిగింది.

మా జంతువుల్లో ఒక మొసలి ఉంది. నేను మొదట్లో పట్టింది. తోక పొట్టి, నడక నిదానం, నెత్తిమీద అంకె చిన్నది. దానికి ఆటవాళ్ళు పెట్టిన పేరేదో ఉంది గానీ నాకు నోరు తిరగదు. మేం మొసలి అనే అంటాం.

ఇంక అమ్మ సంగతి. నాన్న పోయినాక అమ్మ తిరుత్తణి విడిచి కదలనంది. అన్న ఎంత పిలిచినా తిరువళ్ళూరు పోలేదు. మా ఇంట్లో ముందుగది ఆమెది. ఆరేళ్ళ కిందట మగ్గం మానేసింది. మొన్నటి వేసవి నుంచి ఆమెకు కుడి డొక్కలో నొప్పి. మొదట అరగలేదనుకున్నాం, సోంపు నీళ్ళు తాగించాం. తర్వాత ఒకసారి చలిజ్వరం వచ్చి, కళ్ళు పచ్చబడి, మూడు రోజులు ఆస్పత్రిలో పెట్టాల్సొచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆపరేషన్ చేసి తీసెయ్యాలనీ, మళ్ళీ ఇట్లాంటి జ్వరంతో వస్తే ఈ వయసులో ఏమీ చెప్పలేననీ అంది. గురువారానికి రోజు పెట్టింది. ఆస్పత్రి తిరువళ్ళూరులో, అన్న ఇంటికి రెండు వీధుల అవతల.

ఆ ముందరి ఆదివారం పొద్దున నేను వసారాలో కూర్చొని వదినతో ఫోనులో మాట్లాడాను. అమ్మ ముందుగదిలో పడుకొని ఉందనుకున్నాను. గోడలకు చెవులుంటాయంటారు, మా ముందుగదికి అసలు గోడ సగమే ఉంది, పైన జాలీ.

"గురువారం పొద్దున ఏడుకంతా ఆస్పత్రిలో ఉండాల వదినా. బుధవారం సాయంత్రమే తీసుకొని వస్తా" అన్నాను.

వదిన సరేనంది. అన్నం సంగతి, పక్కబట్టల సంగతి మాట్లాడుకున్నాం. అంతలో ఆమే అడిగింది, మొసలిని తిరువళ్ళూరు కోట మీదికి పంపుతావా అని. స్టేషను దగ్గర ఆటలో ఒక కోట ఉంది, మేం దానికోసం నెలరోజులుగా కొట్టుకుంటున్నాం.

"మొసలి ఇంక యాడ వదినా. పనికిరాదు. ఉసురు పదే ఉండాది" అన్నాను.

"అంతేనా?"

"పదే. ఒక దెబ్బకు పోతాది."

"మందెయ్యి మరి" అంది వదిన.

"దానికి మందు దండగ. పోతే పోనీ వదినా. ఎన్నాళ్ళని సాకేది దాన్ని?" అని నవ్వాను. వదినా నవ్వింది. ఫోను పెట్టేసి పోయి దోసెలు పోసుకున్నాను. ఎంత చిన్న మాట! మరుక్షణానికే మరిచిపోయాను.

సోమవారం సాయంత్రం నేను పనినుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ఉంటే అమ్మ గడపలోనే చెప్పింది.

"నేను ఆపరేషన్‌కు పోను."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. పోను."

నేను తమాషా అనుకున్నాను. కాదు. మా అమ్మ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు, కానీ ఆ మూడు కాళ్ళకైనా ఏదో ఒక కారణం చెప్పేది. ఈసారి కారణమే లేదు. డబ్బు గురించా అంటే కాదంది. నొప్పి గురించా అంటే కాదంది. మావారు నెమ్మదైన మనిషి, ఆయన కూర్చొని గంటసేపు చెప్పాడు. "నువ్వు బంగారు అల్లుడివి నాయనా" అని ఆయన తల నిమిరి, పోనంటే పోనంది. మంగళవారం అన్న సెలవు పెట్టి వచ్చాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అన్నకు కాఫీ పెట్టిచ్చి, "అలిసిపోయినావు గదరా" అని పంపించేసింది.

అన్న వెళ్ళేటప్పుడు చూశాను, అమ్మ ట్రంకుపెట్టె తెరిచి ఉంది. రెండు మంచి చీరలు పక్కింటి చిన్నమ్మకు ఇచ్చేసిందట. చిన్నమ్మ అంటే అమ్మ సొంత చెల్లెలు. ఇంకో చీర, తను నేసుకున్నదే, ఆకుపచ్చది, మడిచి పైన పెట్టుకొని ఉంది. అది ఎందుకని అడిగితే, "నన్ను పంపేటప్పుడు ఇది కట్టండి" అంది, రేపు ఇడ్లీకి నానబెట్టమన్నంత మామూలుగా.

నాకు కోపం నషాళానికెక్కింది. నా కోపం సంగతి మా వీధికంతా తెలుసు. భయం వేసినా కోపమే వస్తుంది నాకు, ఏడుపు వచ్చినా కోపమే వస్తుంది.

"నీ కర్మ! చెప్పి చెప్పి నోరు పడిపోయింది నాకు. రేపు నొప్పితో గింజుకుంటా ఉంటే మాత్రం నన్ను పిలవద్దు!" అని అరిచాను.

అమ్మ ట్రంకుపెట్టె మూసింది.

"పిలవన్లే" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గురువారం దాటితే డాక్టరమ్మ మళ్ళీ ఎప్పటికి రోజిస్తుందో. ఈలోగా ఆ జ్వరం వస్తే? పచ్చబడిన అమ్మ కళ్ళే గుర్తొచ్చాయి.

బుధవారం పొద్దున బండికి బయలుదేరాను. ఆఫీసులో సెలవు రద్దు చేయించుకోవాలి కదా, ఆపరేషనే లేనప్పుడు. వీధి కుళాయి దగ్గర చిన్నమ్మ బిందె పెట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది.

"ఏమ్మే, పది దినాలేనంట గదా మా అక్కకు."

"ఏం పది దినాలు?"

"దాచద్దు లేవే. డాక్టరు పది దినాలే అని చెప్పిందంట, కత్తి పడితే ఒక దెబ్బకు పోతాదంట. నువ్వు మీ వదినతో ఫోనులో చెప్తా ఉంటే అక్క చెవులారా వినింది. ముసల్దానికి మందు కూడా దండగ అన్నావంట. ఎన్నాళ్ళు సాకేది అన్నావంట. నీ నోట్లో నుంచి ఆ మాట యెట్లా వచ్చిందే?"

నేను కుళాయి గట్టు మీద కూలబడ్డాను. ముసలి, మొసలి! మా వైపు నోళ్ళలో ఆ రెండు మాటలకూ ఉన్న తేడా వెంట్రుకవాసి. పైగా మన భాషలో ఇంకో చిక్కుంది. ఆడమనిషినైనా దాన్ని అంటాం, మొసలినైనా దాన్ని అంటాం. తమిళంలో మాట్లాడి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు. అక్కడ ముదలై అంటే మొసలే, ఇంకేమీ కాదు, ఆడమనిషికి వేరే మాట ఉంది. మా అమ్మ పలక మీద నేర్పిన తెలుగే మా అమ్మ కొంప ముంచింది.

అవతల బండి కూత వినపడింది. పోతే పోయిందని వదిలేశాను. చిన్నమ్మ ముందరే పడి పడి నవ్వాను. ఆమె నాకు మతి పోయిందనుకొని నీళ్ళు చల్లింది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగానో నాకే తెలియదు. అమ్మకు పది రోజులు కాదు, అమ్మకు వచ్చిన జబ్బు పిచ్చి కాదు, మొండితనం కాదు, ఉత్త చెవి తప్పు. ఇంత తేలిక జబ్బు లోకంలో ఉందా? తడిసిన చీరతోనే ఇంటికి పరిగెత్తాను.

అమ్మ బియ్యం ఏరుతోంది. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆట అన్నాను, మొసలి అన్నాను, ఉసురంటే అంకె అన్నాను. ఆమె చాటలోంచి తలెత్తలేదు.

"నన్ను ఆపరేషన్‌కు తీసకపోయేదానికి కత అల్లినావు" అంది. "బాగానే అల్లినావు."

"అమ్మా, సుమ్మా, ఉత్తుత్తి ఆట అమ్మా అది!"

"ఆటలో మొసలికి ఉసురు యాడి నుంచి వస్తాది?"

అట్లా ముప్పావుగంట వాదించినాక ఫోను మోగింది. వదిన. బండిలో నేను లేను, సీటు లేదు, నిలబడి తిట్టడానికి చేసింది. నేను సంగతి రెండు ముక్కల్లో చెప్పి స్పీకరు పెట్టాను. మా వదిన, లెక్కల టీచరమ్మ, ఆ కిక్కిరిసిన పెట్టెలో గొంతెత్తి అరిచింది.

"అత్తా! మొసలి అత్తా! ముసలి కాదు! మొ! మొ! నీళ్ళల్లో ఉండేది!"

పెట్టెలో ఆడవాళ్ళెవరో నవ్వడం మాకూ వినపడింది. అమ్మ చాట కింద పెట్టింది.

"చూపీ ఆ మొసల్ని" అంది.

ఆమె పక్కన కూర్చొని ఆట తెరిచాను. పొట్టి తోక మొసలి తెర మీద నీరసంగా నిలబడి ఉంది. ఆదివారం నుంచి నేను మందు వెయ్యనే లేదు, అందుకని పక్కన పది అనే ఉంది. అమ్మకు తమిళం చదవడం రాదు, అంకెలు వచ్చు. కళ్ళజోడు పెట్టుకొని ఆ పదిని చాలాసేపు చూసింది.

"ఇదా ఉసురు?"

"ఇదే."

"ఒక దెబ్బకు పోతాదంటివే, ముందే ఎట్లా తెలిసింది నీకు?"

అదీ మా అమ్మ. నమ్మాలంటే లెక్క చూడాలి. ఆటలో అలవాటు కోసం కొట్టించుకోవడానికి ఒక రాతిబొమ్మ ఉంటుంది, మనం కొడితే అదీ తిరిగి కొడుతుంది. ఆ బొమ్మ బలం నూట ఇరవై, దాని దెబ్బ బరువు పదిహేను, మన మొసలి కాపు నూరు అని చెప్పాను. లెక్క కట్టే వరస చెప్పాను. అమ్మ ఎప్పుడూ చేసినట్టు వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది.

"పదిహేనులో సగం ఏడున్నర. నూటికి నూటిరవై అంటే, అయిదింటికి ఆరు. ఏడున్నరకు తొమ్మిది. నువ్వు చెప్పిన ఒకటి కలిపితే..." ఆగింది. "పది."

"అదీ."

"ఏదీ, కొట్టించు చూద్దాం."

కొట్టించాను. తెర మీద ఎర్రగా పది అని లేచింది. మొసలి వెల్లకిలా పడింది. అమ్మ "అయ్యో పాపం" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులోనే తెలిసింది నాకు, నమ్మిందని. నా గుండెల మీద నుంచి బండ దిగింది.

మందు వేసి మొసలిని లేపాను. ఒక కాయ తినిపించాను. కాపు నూటొకటి అయింది. మళ్ళీ కొట్టించాను. ఈసారి తెర మీద తొమ్మిది.

"ఒకటికే అంత తేడానా?" అంది అమ్మ.

"తొమ్మిదికి రవ్వంత తక్కువ వచ్చిందమ్మా. ఆ రవ్వంత తక్కువకు ఆటలో ఎనిమిదే లెక్క. ఒకటి కలిపితే తొమ్మిది."

"పన్నెలో ఒక్క పోగు తప్పితే గుడ్డంతా గీత పడతాది చూడు, అట్లా" అంది. పన్నె అంటే మగ్గంలో పడుగు పోగులు దూర్చే దువ్వెన. నలభై ఏళ్ళు ఆమె కళ్ళ ముందు ఆడింది అదే. "అయితే ఆ కాయేదో ఆదివారమే పెట్టి ఉంటే ఒక ఉసురుతో బతికుండు గదా. పెట్టకుండా దండగంటివే!"

"తప్పయింది" అన్నాను. నా జీవితంలో ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"కాపు బాగా పెంచితే అసలు తగలకుండానే ఉంటాదా?"

"ఉండదు. ఎంత పెంచినా ఒకటి మటుకు తగుల్తాది."

ఆమె అడిగింది మొసలి గురించి కాదని నాకప్పుడే తట్టింది.

"ఆ డాక్టరమ్మ ఏమీ తెలీదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అనింది. కడుపు కోస్తే తెలీకుండా ఉంటాదా యాడన్నా? ఆమె మాట నాకు అప్పుడే పట్టలేదు. మీ ఆటే మేలు. ఒకటి తగుల్తాదని ముందే చెప్తాది." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నా ఉసురు పది కన్నా ఎక్కువే ఉండాదా?"

"చాలా ఎక్కువ అమ్మా."

"ఎంత?"

"నువ్వు ఆట తెరిస్తే గదా తెలిసేది" అన్నాను. నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వింది. నాకు లేచి గెంతాలనిపించింది, నడుము నొప్పి వల్ల మానుకున్నాను.

సాయంత్రం బండికి ఇద్దరం తిరువళ్ళూరు బయలుదేరాం. చిన్నమ్మ ఆ రెండు చీరలు తెచ్చి అమ్మ చేతిలో పెడితే, "ఇచ్చింది ఇచ్చినట్టే, ఉంచుకో" అంది అమ్మ. చిన్నమ్మ మొహం వెలిగిపోయింది.

గురువారం పొద్దున అమ్మను లోపలికి తీసుకుపోయారు. నేనూ అన్నా వదినా బయట బెంచీ మీద కూర్చున్నాం. నా ఫోనూ వదిన ఫోనూ సంచిలోనే ఉన్నాయి. ఆట తెరవాలని ఇద్దరికీ అనిపించలేదు. వదిన నా చెయ్యి పట్టుకొని, నాకు వినపడేటంత మెల్లగా పదమూడో ఎక్కం చదువుకుంది. భయమేస్తే ఆమె ఎక్కాలు చదువుతుందట. ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

డాక్టరమ్మ తలుపు తీసుకొని బయటికొచ్చి, "బాగా అయిపోయింది. తీసేశాం" అంది. ఒక చిన్న సీసాలో రాళ్ళు చూపించింది. ఇంతా చేసి పెసరగింజలంత ఉన్నాయి. నేను ఆమెకు దండం పెట్టాను, సీసాకూ పెట్టాను. అన్న గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురం ఎదురుగా ఉన్న హోటలుకు పోయాం. నేను పొంగలి రెండు ప్లేట్లు తిని, వదిన ప్లేట్లో మిగిలిన వడ కూడా తిన్నాను. అంత రుచైన తిండి నేను మళ్ళీ తినలేదు. పొంగలిలో ఉప్పు తక్కువని వదిన అంటే, ఆమెకు నాలుక లేదన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం వార్డులో నేనొక్కదాన్నే అమ్మ దగ్గర ఉన్నాను. తలకింద ఇంకో దిండు పెట్టి చెంచాతో గంజి తాగిస్తున్నాను. మొహం తేటగా ఉంది. నొప్పి ఎట్లా ఉందంటే, "ఒకటి కన్నా కొంచెం ఎక్కువే తగిలింది గానీ, ఓర్చుకోవచ్చు" అంది. నాకు ధైర్యం వచ్చి, రెండు రోజులుగా మనసులో నలుగుతున్నది అడిగేశాను.

"అమ్మా, పది దినాలే అనుకున్నావు సరే. ఎట్లాగూ పోయేదాన్నే గదా, ఆపరేషన్ చేస్తే బతుకుతానేమో చూద్దామనిపించలేదా నీకు? యాలా పోనన్నావు? కత్తికి భయపడినావా?"

"భయమేంది నాకు. ఇద్దర్ని కన్నా."

"మరి?"

అమ్మ చేత్తో చెంచా పక్కకు జరిపింది.

"నువ్వు ఆ మాట నవ్వుతా అన్నావు. ఎన్నాళ్ళని సాకేది అని. నాకు కడుపు కాలిపోయె. ఆ మంటతోనే వచ్చి ఈడ బల్ల మీద పండుకొని, అట్లే ప్రాణం పోయిందనుకో. నా ఉసురు నీకు తగలదా? ఆడపిల్లను కన్నదానివి, ఆ బిడ్డకు తగలదా? అందుకని పోనంటి. పది దినాలు ఉండాయి గదా, ఇంట్లోనే ఉండి మనసు సల్లార్చుకొని, నీ మీద ఏమీ లేకుండా పోదామనుకుంటి."

నేను తెలుగింట్లో పుట్టి పెరిగినదాన్ని. ఉసురు అన్న మాటకు ఆ అర్థం ఉందని నాకు తెలియక కాదు. ఏడాదిన్నరగా దాన్ని అంకెగా వాడి వాడి మరిచిపోయాను. నేను తనను వదిలించుకోవాలని చూస్తున్నానని నమ్మిన మనిషి, ఆ మూడు రోజులూ తన బతుకు గురించి కాదు, తన ఏడుపు నాకు తగలకూడదని చూసుకుంటూ కూర్చుంది. నేనేమో ఆ మనిషి మొహం మీద అరిచి వచ్చాను.

గంజి గ్లాసు కింద పెట్టి, మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాను. పక్క మంచం ఆమె లేచి చూసింది. అమ్మ చెయ్యి, సూది గుచ్చిన చెయ్యే, నా తల మీదికి వచ్చింది.

"సల్లారిందా మరి?" అన్నాను, తలెత్తకుండానే.

"సోమవారానికే సల్లారిపోయె" అంది. "మంగళవారం అరిచినావు చూడు, అప్పుడు మళ్ళా కొంచెం మండె. అదీ పోయిందిలే. ఆ గంజి ఇంకా ఉంటే ఇయ్యి, సల్లగా అయిపోతాది."